వుల్వర్‌హాంప్టన్ సాయంత్రం రేసులకు ప్రివ్యూ రాయాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

వాసు_డన్‌స్టాల్:

అందరికీ నమస్కారం. ఉద్యోగం కోసం వచ్చి వుల్వర్‌హాంప్టన్‌లో ఉంటున్నాను. డన్‌స్టాల్ పార్క్ రేస్‌కోర్సు మా ఇంటికి దగ్గరే. చలికాలం సాయంత్రాలు ఫ్లడ్‌లైట్ల వెలుగులో రేసులు పెడతారు కదా, మన తెలుగువాళ్లం కొందరం కలిసి వెళ్తుంటాం. హైదరాబాద్‌లో మా పెద్దనాన్న వెంట మలక్‌పేట రేసులకు తిరిగినవాణ్ని కాబట్టి, ఈ శనివారం కార్డుకి (ఆ రోజు రేసుల, గుర్రాల పట్టిక) ప్రివ్యూ రాసి గ్రూపులో పెట్టే పని నాకు అప్పజెప్పారు.

పెద్దనాన్న ముందుగా చూసేది ట్రాక్‌వర్క్. ఏ గుర్రం పొద్దున్నే 800 మీటర్లు ఎంతలో తీసింది, 600 ఎంతలో తీసింది, సులువుగా తీసిందా, జాకీ తోస్తే తీసిందా అని పేపర్లో చదివి పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకునేవాడు. ఇక్కడి కార్డులో ఆ ఊసే లేదు. పాత రేసుల అంకెలున్నాయి, రేటింగ్ (గుర్రం సత్తాకి వేసే అంకె) ఉంది, స్టాల్ (బయల్దేరే గేటులో గుర్రం నిలబడే గడి) నంబరు ఉంది, జాకీ, ట్రైనర్ పేర్లున్నాయి. అన్నీ ఉన్నా ఏది ముందు చూడాలో అంతు పట్టట్లేదు.

ఇంకో సందేహం. అన్నీ ఆల్-వెదర్ (పచ్చిక కాకుండా కృత్రిమ నేల మీద జరిగే) రేసులే అయినప్పుడు న్యూకాజిల్‌లో గెలిచిన గుర్రం ఇక్కడా గెలవాలి కదా? మా స్నేహితులు నమ్మి డబ్బు పెడతారు. ఏదో నాలుగు పేర్లు రాసి పడేయడం నాకిష్టం లేదు. తెలిసినవాళ్లు దారి చూపించండి.


మూర్తి_గేట్స్‌హెడ్:

వాసు గారూ, నాలుగు పేర్లు రాసి పడేయడం ఇష్టం లేదన్నారు చూడండి, ఆ మాట కోసమే తీరిగ్గా రాస్తున్నాను.

ముందు ట్రాక్‌వర్క్ సంగతి. మన దగ్గర గుర్రాలన్నీ క్లబ్బు లాయాల్లోనే ఉంటాయి, ఒకే ట్రాక్ మీద పరిగెడతాయి, గడియారం పట్టుకుని చూసేవాళ్లు గట్టు మీద ఉంటారు. ఇక్కడ అలా కాదు. న్యూమార్కెట్, లాంబోర్న్, మిడిల్‌హామ్, ఇంకా ఎక్కడెక్కడో పల్లెల్లో ట్రైనర్ల సొంత యార్డుల్లో ఉంటాయి. రేసు రోజున వ్యాన్‌లో వచ్చి, పరిగెత్తి, అదే రాత్రి వెళ్లిపోతాయి. పొద్దుటి పరుగుల టైములు అచ్చువేసే ఆనవాయితీ లేదు. కాబట్టి మనకు దొరికే సాక్ష్యం ఒక్కటే, పాత రేసుల వీడియో. మీ పెద్దనాన్న పెన్సిల్ పట్టుకుని పేపరు ముందు కూర్చున్న సమయాన్ని మీరు రీప్లేల ముందు గడపాలి. స్కై స్పోర్ట్స్ రేసింగ్ వాళ్ల సైట్‌లో దొరుకుతాయి.

ఇక అసలు విషయం. ఎవరి మాట ఎలా ఉన్నా, నా పద్ధతి ఇది: ముందు రేసు ఎలా నడుస్తుందో రాసుకుంటాను, ఏ గుర్రం అన్నది ఆ తర్వాతే. ఆల్-వెదర్‌లో నేల పెద్దగా మారదు. వాన పడితే పచ్చిక ట్రాక్ బురదై అంచనాలన్నీ తలకిందులవుతాయి. ఇక్కడ మాత్రం చాలా రోజులు నేల స్థితి 'స్టాండర్డ్' అనే ఉంటుంది. అందుకని మలుపు ఎక్కడుంది, స్టాల్ ఎక్కడుంది, ముందు ఎవరు పరిగెడతారు అన్న మూడింటి బరువు పెరుగుతుంది. ఇవి ముందే తెలిసేవి. తెలిసేదాన్ని వదిలేసి తెలియనిదాని వెంట పడటం దేనికి?

బ్రిటన్‌లో ఆల్-వెదర్ ట్రాకులు ఆరు. లింగ్‌ఫీల్డ్, కెంప్టన్, చెమ్స్‌ఫర్డ్ పాలీట్రాక్ మీద. మీ వుల్వర్‌హాంప్టన్, మా న్యూకాజిల్, సౌత్‌వెల్ టపీటా మీద. రెండూ మైనం కలిపిన ఇసుక, నార మిశ్రమాలే కానీ ట్రాకుల ఆకారాలు ఒకదానికొకటి పోలిక లేవు. కెంప్టన్ ఒక్కటే కుడిచేతి వాటం, అంటే గుర్రాలు కుడివైపు తిరుగుతాయి. లింగ్‌ఫీల్డ్‌లో చివరి మలుపులోకి పల్లం ఉంటుంది. అక్కడ చాలా రేసులు నెమ్మదిగా సాగి ఆ పల్లం దగ్గర ఒక్కసారిగా ఊపందుకుంటాయి, ఆ క్షణంలో వెనక ఉన్నవాడు వెనకే మిగిలిపోతాడు. సౌత్‌వెల్‌లో 5 ఫర్లాంగులు (ఫర్లాంగంటే మైలులో ఎనిమిదో వంతు) మాత్రం తిన్నటి ట్రాక్, మిగతావన్నీ మలుపు తిరగాలి.

సౌత్‌వెల్ గురించి ఇంకో మాట, ఎందుకంటే ఇక్కడ చాలామంది ప్రివ్యూలు తప్పుతాయి. 1989 నుంచి 2021 చివరిదాకా అక్కడ ఉన్నది ఫైబర్‌శాండ్. లోతుగా, బరువుగా ఉండే ఇసుక. ముందు పరిగెత్తే గుర్రానికి స్వర్గం, వెనక వచ్చేవాటికి మొహం నిండా ఇసుక. దాన్ని ప్రేమించే గుర్రాలు కొన్ని అక్కడే మళ్లీ మళ్లీ గెలిచేవి, మరోచోట తేలిపోయేవి. 2021 డిసెంబరులో టపీటా వేశారు. ముసలి గుర్రం ఏదైనా 2020లో సౌత్‌వెల్‌లో గెలిచి ఉంటే దాన్ని కోర్సు విజయంగా లెక్కేయకండి, ఆ నేలే ఇప్పుడు లేదు. మీ వుల్వర్‌హాంప్టన్ కూడా ఫైబర్‌శాండ్‌తో మొదలై, 2004లో పాలీట్రాక్‌కి, 2014లో టపీటాకి మారింది. రికార్డు చూసేటప్పుడు పక్కనున్న తేదీ కూడా చూడాలి.

న్యూకాజిల్‌లో గెలిస్తే ఇక్కడా గెలవాలి కదా అన్నారు. నేను ఉండేది ఆ ట్రాక్ పక్కనే కాబట్టి ఇది కాస్త వివరంగా చెప్తాను. న్యూకాజిల్‌లో మైలు వరకు రేసులన్నీ తిన్నగా, మలుపు లేకుండా జరుగుతాయి. బ్రిటన్ ఆల్-వెదర్‌లో తిన్నటి మైలు ఇంకెక్కడా లేదు. చివర్న ఎగువ కూడా ఉంది. జాకీలు ముందుకు ఉరకడానికి జంకుతారు, ఎందుకంటే ఆఖరి ఫర్లాంగులో ఊపిరి అందదు. వెనక ఓపిగ్గా కూర్చుని, ఖాళీ చూసుకుని, రెండు ఫర్లాంగులు ఉండగా కదిలే గుర్రానిదే ఎక్కువసార్లు పైచేయి. ఇప్పుడు అదే గుర్రాన్ని డన్‌స్టాల్ పార్క్‌కి తీసుకెళ్లండి. చుట్టు మొత్తం సుమారు మైలు, ఎడమచేతి వాటం, మలుపులు ఇరుకు, ఆఖరి తిన్నటి దారి రెండు ఫర్లాంగుల కంటే తక్కువ. మన గుర్రం వెనక కూర్చుంటుంది, మలుపు వచ్చేస్తుంది. లోపల ఉంటే ముందు గోడలా గుర్రాలు, బయటికి వస్తే ఎక్కువ దూరం తిరగాలి. కదిలేసరికి గీత వచ్చేస్తుంది. రెండు చోట్లా 7 ఫర్లాంగులే, నేలా టపీటాయే. కానీ రేసు వేరు. 'న్యూకాజిల్‌లో చివర్లో దూసుకొచ్చి గెలిచింది' అన్న వాక్యం వుల్వర్‌హాంప్టన్ ప్రివ్యూలో పొగడ్తగా కాదు, హెచ్చరికగా రావాలి.

నేను చేసే పని చెప్తాను. కార్డు గురువారం వస్తుంది. స్టాల్ వరసలో గుర్రాల పేర్లు ఒక కాగితం మీద కిందికి రాసుకుంటాను. ఒక్కోదానికీ ఆఖరి నాలుగైదు ఆల్-వెదర్ పరుగుల వ్యాఖ్యలు చదువుతాను. 'మేడ్ ఆల్', 'లెడ్', 'ప్రామినెంట్' అంటే ముందుండేది. 'హెల్డ్ అప్', 'స్లోలీ అవే' అంటే వెనకుండేది. పేరు పక్కన 'ముం', 'మ', 'వె' అని రాస్తాను. అంతే, రేసు కళ్ల ముందుకొస్తుంది. 'ముం' ఒక్కటే ఉంటే దాన్ని ఎవరూ కదిలించరు. తనకు నచ్చిన వేగంతో నడిపించుకుని మలుపు దగ్గర ఊపు పెంచుకుంటుంది. నాలుగు 'ముం'లు ఉంటే ఒకదాన్నొకటి అలిసిపోగొట్టుకుంటాయి, అప్పుడే వెనకవాళ్లకు దారి దొరుకుతుంది. ఆ తర్వాత స్టాల్. ముందుండాల్సిన గుర్రం చివరి స్టాల్‌లో పడితే లోపలికి రావడానికే సగం బలం ఖర్చు. వెనకుండే గుర్రం 1వ స్టాల్‌లో పడితే కంచె పక్కన ఇరుక్కునే ప్రమాదం. చిన్న నంబరు మంచిదని గుడ్డిగా రాయకండి, ఏ గుర్రానికి మంచిదో రాయండి.

రేటింగ్ సంగతి క్లుప్తంగా. హ్యాండిక్యాప్‌లో (మెరుగైన గుర్రానికి ఎక్కువ బరువు వేసే రేసు) ఒక్కో రేటింగ్ పాయింటుకి ఒక పౌండు బరువు. అదే గుర్రానికి పచ్చిక మీద ఒక రేటింగ్, ఆల్-వెదర్ మీద ఇంకో రేటింగ్ ఉండొచ్చు. వేసవిలో పచ్చిక మీద మెరుగుపడి, చలికాలంలో పాత ఆల్-వెదర్ రేటింగ్‌తోనే దిగిన గుర్రం కనిపిస్తే కాగితం మీద గీత గీయండి. కొత్త రేటింగులు మంగళవారం వస్తాయి. ఈలోపు గెలిచిన గుర్రం మళ్లీ దిగితే పెనాల్టీ బరువు మోస్తుంది. ఆ పెనాల్టీ రాబోయే పెంపు కంటే తక్కువా ఎక్కువా అన్నది లెక్క. అప్రెంటిస్ (ఇంకా పని నేర్చుకుంటున్న) జాకీకి 3, 5 లేదా 7 పౌండ్ల రాయితీ ఉంటుంది. ఇరుకు మలుపుల్లో అనుభవం లేని చేతికి ఆ రాయితీ సరిపోతుందా అన్నది రీప్లే చూసి మీరే తేల్చుకోవాలి.

జాకీ పేరు చూసి టిప్ ఇవ్వడం నేను మానమంటాను. ల్యూక్ మోరిస్ 2022లో ఆర్క్ (పారిస్‌లో జరిగే పేరున్న పెద్ద రేసు) గెలిచాడు. అదే మనిషి చలి రాత్రుల్లో చిన్నాచితకా రేసుల్లోనూ అంతే శ్రద్ధగా స్వారీ చేస్తాడు. నాకు ఆయనంటే చాలా గౌరవం. కానీ ఆయన ఎక్కాడు కాబట్టి ఈ గుర్రానికి కబురుందని ఊహించడం ప్రివ్యూ అనిపించుకోదు. 'ట్రైనర్ ఇంత దూరం ఒక్క గుర్రాన్నే పంపాడు' అన్నదీ అంతే. న్యూమార్కెట్ నుంచి న్యూకాజిల్‌కి 200 మైళ్లకు పైగా ఉంటుంది, అయినా చలికాలంలో రేసులు ఉన్నచోటికి అందరూ రావాల్సిందే.


యాదగిరి_న్యూమార్కెట్:

మూర్తి అన్న చెప్పిందానికి రెండు మాటలు కలుపుత. నేను ఇక్కడ యార్డుల పొద్దుటి పూట గుర్రాలు నడిపే పని చేస్త. మనోళ్లు, రాజస్థాన్ వాళ్లు ఈ పనిల చానామంది ఉన్నరు.

'మొదటిసారి ఆల్-వెదర్ మీద పరిగెడుతోంది, నేల కొత్త' అని ప్రివ్యూలల్ల రాస్తరు. సగమే నిజం. ఇక్కడ అల్ బహత్రీ అని పాలీట్రాక్ గ్యాలప్ ఉంది. చానా గుర్రాలు రోజూ అసొంటి నేల మీదనే పని చేస్తయి. కాళ్లకు కొత్త కాదు. కొత్తది ఏందంటే కిక్‌బ్యాక్, ముందు గుర్రాల కాళ్ల నుంచి ఎగిరొచ్చే ఇసుక. పొద్దున ఒకటి రెండు గుర్రాల వెనక పోతది, ఇసుక అంతగా తగలదు. రేసుల పది గుర్రాల వెనక పడితే మొహానికి కొడుతది. కొన్ని పట్టించుకోవు. కొన్ని తల పైకెత్తి పక్కకు తిప్పుతయి, అప్పుడు జాకీ తోసినా ముందుకు పోదు. టపీటా మీద పాత ఫైబర్‌శాండ్ కంటే చానా తక్కువ, అయినా ఉంటది. రీప్లేల మొదటి రెండు ఫర్లాంగులు చూడుండ్రి, తల ఎట్ల పెట్టిందో కనవడతది. తల ఎత్తిన గుర్రానికి ఈసారి బయటి స్టాల్ వచ్చిందంటే అదే దానికి మేలు, ఇసుక తగలకుంట పోతది. చివరి స్టాల్ అని అందరూ కొట్టేస్తరు, మీరు కొట్టేయకుండ్రి.

ఇంకోటి, హుడ్, అంటే చెవులు కప్పే ముసుగు. గేటు దాక చెమటలు కక్కే గుర్రానికి మొదటిసారి హుడ్ పెట్టిండ్రంటే దాన్ని నిమ్మలపరచడానికి. ముందుకు ఉరికి అలిసిపోయే గుర్రం వెనక కూసుని పరిగెత్తొచ్చు. మూర్తి అన్న 'ముం' రాసిన చోట ప్రశ్నార్థకం పెట్టుకోవాలె. బ్లింకర్స్, అంటే కళ్ల పక్కల పెట్టే గంతలు, మొదటిసారి పెడితే దానికి ఉల్టా.


వాసు_డన్‌స్టాల్:

మూర్తి గారూ, యాదగిరి అన్నా, చాలా థాంక్స్. కాగితం పద్ధతి ఒక రేసుకి చేసి చూశాను. 7 ఫర్లాంగులు, క్లాస్ 6, 0-60 హ్యాండిక్యాప్ (60 రేటింగ్ దాకా ఉన్న గుర్రాలకు), 11 గుర్రాలు. గుర్రాల పేర్లు కాకుండా స్టాల్ నంబర్లతో చెప్తాను.

ఫేవరెట్ (అందరికంటే తక్కువ ధర ఉన్న గుర్రం) 10వ స్టాల్‌లో ఉంది, ధర 2/1, అంటే ఒకటి పెడితే రెండు లాభం. పోయినసారి న్యూకాజిల్‌లో ఆఖరు నుంచి వచ్చి గెలిచింది, 5 పౌండ్ల పెనాల్టీ మోస్తోంది. 2వ స్టాల్‌లో ఒక 'ముం' ఉంది, 6/1. పోయిన చలికాలం ఇదే కోర్సులో, ఇదే దూరంలో 58 రేటింగ్‌తో గెలిచింది, ఇప్పుడు 54. ఆఖరి మూడు పరుగుల్లో 8, 7, 9 వచ్చాయి. చూస్తే మూడుసార్లూ బయటి స్టాల్ నుంచే. 5వ స్టాల్‌లో ఇంకో 'ముం' ఉంది, కానీ అది ఎక్కువగా 6 ఫర్లాంగులు పరిగెత్తేది. మిగతావన్నీ 'మ', 'వె'.

2వ స్టాల్ గుర్రాన్ని 'ఖచ్చితంగా గెలుస్తుంది' అని రాయొచ్చా? 8, 7, 9 చూసి మావాళ్లు ఊరుకోరు, టెన్షన్‌గా ఉంది.


మూర్తి_గేట్స్‌హెడ్:

కాగితం బాగా పట్టుకున్నారు. ఇప్పుడు రాయడం దగ్గరికి వద్దాం.

'ఖచ్చితంగా' అన్న మాట ప్రివ్యూలో ఎప్పటికీ రానివ్వకండి. 6/1 అంటే ఏడు రేసుల్లో ఒకటి గెలుస్తుందని బజారు అంటోంది, దాదాపు 14 శాతం. మీ కాగితం చూశాక నా అంచనా ఐదింట ఒకటి. అంటే 20 శాతం, ధరలో చెప్తే 4/1. తేడా మన వైపుంది కాబట్టే అది టిప్. నా అంచనా నిజమైనా సరే, ఐదింట నాలుగుసార్లు అది ఓడిపోతుంది. ఈ మాట మీ స్నేహితులకు ప్రివ్యూలోనే చెప్పండి, రేసు అయ్యాక కాదు. శనివారం సాయంత్రానికి ధర 7/2కి పడిపోతే అదే గుర్రం, అదే రాత, కానీ టిప్ కాదు. అందుకే పేరు పక్కన 'ఇంతకంటే తక్కువైతే వద్దు' అని ధర రాయాలి. ధర లేకుండా పేరొక్కటే ఇచ్చేవాళ్ల మీద నాకు నిజంగా కోపం వస్తుంది, పోయేది చదివేవాడి డబ్బు.

8, 7, 9 గురించి భయపడకండి. కారణం కళ్లకు కనిపిస్తోంది, కనిపించినట్టే రాయండి. ఇలా:

'2వ స్టాల్ గుర్రం ఆఖరి మూడు పరుగులు పేలవంగా ఉన్నాయి. మూడింట్లోనూ బయటి స్టాల్ నుంచి బయల్దేరి, ముందుకు చేరడానికే బలం పోగొట్టుకుని, తిన్నటి దారిలోకి వచ్చేసరికి వాడిపోయింది. ఈసారి లోపలి స్టాల్. దాని వేగానికి పోటీ 5వ స్టాల్ గుర్రం ఒక్కటే, దానికి 7 ఫర్లాంగులు ఎక్కువే. పోయిన చలికాలం ఇక్కడే గెలిచినప్పటికంటే రేటింగ్ 4 పౌండ్లు తక్కువ. ఫేవరెట్ మంచి గుర్రమే కానీ 10వ స్టాల్ నుంచి, వెనక నుంచి, ఈ ట్రాక్‌లో, 2/1 ధరకి నాకు ఆకర్షణ లేదు. 2వ స్టాల్ గుర్రం 4/1 కంటే ఎక్కువ దొరికితేనే, 1 పాయింట్ (మామూలుగా పెట్టే ఒక పందెం మొత్తం).'

ఇంత చాలు. ఫేవరెట్‌ని తిట్టకండి. అది గెలిచే అవకాశం అందరికంటే ఎక్కువే, ధర మాత్రం చాలదు. ఈ తేడా ఒక్కటి మీవాళ్లకు అర్థమైతే నాలుగు రేసులు గెలిపించిన దానికంటే ఎక్కువ మేలు చేసినట్టు.

ఒక్కటి మాత్రం రీప్లేలో తేల్చుకోండి. ఆ మూడు పరుగుల్లో అది గేటు నుంచి చురుగ్గా వచ్చిందా? ఒక్కసారైనా బద్ధకంగా వచ్చి ఉంటే, ముందుండాలన్న ఉత్సాహమే తగ్గిందేమో. అప్పుడు నా ఐదింట ఒకటి నిలబడదు, టిప్ వదిలేయండి. కార్డులో అన్ని రేసులకూ టిప్ ఇవ్వాలన్న రూలేమీ లేదు. 'ఈ రేసులో నాకేమీ కనిపించలేదు' అని రాయడం కూడా ప్రివ్యూయే.

ప్రతి టిప్పూ ధరతో, తేదీతో ఒక షీట్‌లో రాసి గ్రూపులో అందరికీ కనబడేలా ఉంచండి, ఓడినవి కూడా. పందెం ఎప్పుడూ అదే 1 పాయింట్. ఒకసారి పోయిందని తర్వాతిదానికి పెంచమని ఎవరికీ చెప్పకండి, ఎవరైనా అలా పెంచుతున్నారని తెలిస్తే పక్కకు పిలిచి మాట్లాడండి.


పాషా_మలక్‌పేట:

వాసు భాయ్, ఇక్కడ ఉండి మీ ముచ్చట చదువుతున్నా. మనకు పరుగు పచ్చిక మీద, పొద్దుటి పని ఎక్కువగా ఇసుక మీద. అక్టోబరు 2న ఇక్కడి పెద్ద రేసు డెక్కన్ డెర్బీకి మేం ట్రాక్‌వర్క్ పట్టుకుని కూర్చుంటాం. కానీ ఈ 'ముం', 'మ', 'వె' కాగితం ఇక్కడా పనికొచ్చేదే. ఒక సందేహం మూర్తి గారూ, 6/1 గుర్రానికి ఈచ్-వే (సగం గెలుపు మీద, సగం ప్లేస్ అంటే మొదటి కొన్ని స్థానాల మీద పందెం) ఎందుకు చెప్పలేదు? ప్లేస్ డబ్బు అన్నా వస్తుంది కదా.


మూర్తి_గేట్స్‌హెడ్:

పాషా గారూ, మంచి ప్రశ్న. 11 గుర్రాల రేసులో మామూలుగా మూడు ప్లేసులు, ధరలో ఐదో వంతు ఇస్తారు. 6/1కి ప్లేస్ ధర 6/5. ఈ గుర్రం స్వభావం చూడండి, ముందుకు వెళ్తుంది. వదిలేస్తే గెలుస్తుంది, ఎవరైనా వెంటపడితే అలిసి 8, 9 స్థానాలకు జారిపోతుంది. రెండో స్థానానికో మూడో స్థానానికో వచ్చే రకం కాదు. అలాంటిదానికి డబ్బంతా విన్ మీదే. నెమ్మదిగా ఊపందుకుని ఎప్పుడూ మూడు నాలుగు స్థానాల్లో ఉండే గుర్రమైతే ఈచ్-వే ఆలోచించేవాణ్ని. అప్పుడు కూడా రన్నర్లు 7కి తగ్గితే ప్లేసులు రెండే అవుతాయి, అది చూసుకోవాలి.

వాసు గారూ, శనివారం మధ్యాహ్నం నాన్-రన్నర్లు (రేసు నుంచి తప్పుకున్న గుర్రాలు) చూసుకున్నాకే గ్రూపులో పెట్టండి. 5వ స్టాల్ గుర్రం తప్పుకుంటే మనదానికి ముందు పోటీయే ఉండదు, నేను 7/2 వరకు దిగుతాను. ఫేవరెట్ తప్పుకుంటే మాత్రం ధరలన్నీ మారతాయి, ముందే తీసుకున్న పందేలకు రూల్ 4 కింద గెలుపు డబ్బులో కోత పడుతుంది. అప్పుడు అంచనా మొత్తం మొదటి నుంచి వేయాల్సిందే, తొందరపడి పాత రాత పంపకండి.